కానుకల పెట్టెకు రెండు తాళాలు

(క్రైస్తవ సంఘాల కోశాధికారులు, కమిటీ సభ్యుల శిక్షణ సభలో ఒక ఆడిటర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ వందనాలు. భోజనాలయ్యాక లెక్కల గురించి మాట్లాడమనడం నాకు పెట్టిన పరీక్షో, మీకు పెట్టిన పరీక్షో తెలీదు. ముందు వరసలో ఇద్దరు అప్పుడే కళ్లు మూశారు. ప్రార్థనలో ఉన్నారనుకుంటాను.

నేను ముప్పై ఏళ్లుగా ఆడిట్ పనిలో ఉన్నాను. కానీ కానుకల లెక్క అనగానే నాకు గుర్తొచ్చేది ఆఫీసు కాదు, మా ఇంటి వరండా. మా నాన్న మా ఊరి సంఘానికి కోశాధికారి. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ మంచం మీది దుప్పటి తీసి వరండాలో పరిచేది. నాన్న కానుకల సంచి దాని మీద బోర్లించేవాడు. ఎర్ర ముఖమల్ సంచి, చెక్క పిడి. పావలాలు, అర్ధ రూపాయలు, నాలుగు మడతలు పెట్టిన రెండు రూపాయల నోట్లు. నాణేలను పదేసి చొప్పున దొంతర్లు పేర్చడం మా పిల్లల పని. పక్కన గుప్పెడు బియ్యం డబ్బాలు ఉండేవి. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం ఆడవాళ్లు గుడికి తెచ్చేవాళ్లు. ఆ బియ్యం కొలిచి, అమ్మి, ఆ డబ్బూ పుస్తకంలోకి ఎక్కించేవాడు.

ఒక్క విషయం మాత్రం నాకప్పుడు విసుగ్గా ఉండేది. ఎదురింటి పెద్దాయన వచ్చి కూర్చుంటే గానీ నాన్న సంచి విప్పేవాడు కాదు. ఆయనకు చదువు రాదు, వేలిముద్రే. ఒకరోజు అడిగేశాను, చదువు రాని ఆయన నీ లెక్క ఏం చూస్తాడు నాన్నా అని. "ఆయన చూసేది లెక్కని కాదురా, నన్ను" అన్నాడు.

ఇదేమీ మా నాన్న కనిపెట్టింది కాదు. రాజుల రెండో గ్రంథం 12వ అధ్యాయం తీయండి. మందిరం బాగుచేయించమని యోవాషు రాజు యాజకులకు చెప్పాడు. డబ్బు వస్తూనే ఉంది. ఏలుబడి 23వ ఏట చూసుకుంటే శిథిలమైన చోటు శిథిలంగానే ఉంది. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెప్పించి, మూతకు బెజ్జం పెట్టించి, బలిపీఠం పక్కన ఉంచాడు. పెట్టెలో డబ్బు బాగా చేరినప్పుడు రాజుగారి లేఖికుడు, ప్రధాన యాజకుడు, ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. గుడి మనిషి ఒకడు, బయటి మనిషి ఒకడు. మందిరం డబ్బుకు నాకు తెలిసిన మొదటి ఆడిట్ ఇదే. అక్కడే 15వ వచనంలో, పని చేయించేవాళ్లు నమ్మకస్థులు కనుక వాళ్లను లెక్క అడగలేదని కూడా ఉంది. ఆ వచనం నాకు తెలుసు. దయచేసి ఎవరూ గుర్తు చేయకండి.

ఇక చట్టం. హిందూ దేవాలయాలకు మన రాష్ట్రాల్లో 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది, దాని కింద కమిషనర్లు, ఈవోలు ఉన్నారు. మసీదుల, దర్గాల ఆస్తులకు వక్ఫ్ చట్టం ఉంది. చర్చిలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కేరళలో 2009లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నాయకత్వంలోని కమిషన్ ఒక ముసాయిదా ఇచ్చింది. 2019లో ఇంకోటి వచ్చింది. రెండూ చట్టాలు కాలేదు.

దీన్నిబట్టి మనవాళ్లు చాలామంది, మన కానుకల జోలికి ఏ చట్టమూ రాదని ఒక నిర్ణయానికి వచ్చేశారు. రాజ్యాంగం 26వ అధికరణం కూడా చూపిస్తారు. మత విషయాల్లో మన వ్యవహారాలు మనం చూసుకునే హక్కు అందులో ఉన్నమాట నిజమే. అయితే చదవడం అక్కడ ఆపేస్తారు. ఇంకాస్త కిందికి వెళితే, ఆస్తిని చట్టప్రకారం నిర్వహించుకునే హక్కు అని ఉంది. 'చట్టప్రకారం' అన్న మాట ఊరికే పడలేదు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ రెంటికీ మధ్య గీత గీసింది. ఏ పూజ ఎలా చేయాలో సర్కారు చెప్పకూడదు. డబ్బూ ఆస్తీ ఎలా నడుస్తున్నాయో చూసేందుకు చట్టం చేయవచ్చు.

కాబట్టి ఆదాయంలో పదో వంతు దశమభాగం అడగాలా, మొదటి పంటో మొదటి జీతమో ప్రథమ ఫలాలుగా అడగాలా, కృతజ్ఞత కానుకకు ప్రత్యేకం కవరు పెట్టాలా, అవన్నీ మీ ఇష్టం. చట్టం వాటి జోలికి రాదు. అది అడిగేవి రెండే. ఎవరి పేరున తీసుకున్నారు? ఏం చెప్పి తీసుకున్నారు? ఈ రెండింటికీ కాగితం మీద సమాధానం ఉంటే ముప్పావు వంతు టెన్షన్ పోయినట్టే.

మొదటి ప్రశ్న దగ్గరే మనం ఎక్కువగా దెబ్బతింటున్నాం. నా దగ్గరికి ఒక యువ పాస్టర్ వచ్చాడు. పేరు, ఊరు చెప్పను. ఊరి చివర రేకుల షెడ్డులో సంఘం మొదలుపెట్టి, ఆరేళ్లలో మూడు వందల మంది అయ్యారు. ప్రసంగ పీఠం ముందు క్యూఆర్ కోడ్ అతికించాడు. స్కాన్ చేస్తే ఆయన పేరే వస్తుంది, ఆయన సేవింగ్స్ అకౌంటే. మందిర నిర్మాణానికి వచ్చిన నగదు కూడా అందులోనే వేశాడు. ఒక ఆర్థిక సంవత్సరంలో సేవింగ్స్ ఖాతాలో నగదు జమ 10 లక్షలు చేరితే బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు పంపిస్తుంది. ఈయనది చేరింది, దాటింది కూడా. నోటీసు వచ్చింది.

"ఇది దేవుని సొమ్మండీ, నాది కాదు" అన్నాడు. నేను నమ్మాను, ఆ మనిషిని చూస్తే ఎవరైనా నమ్ముతారు. కానీ పాస్‌బుక్ మీద దేవుడి పేరు లేదు కదా. సంఘం పేరున రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు, తీర్మానం లేదు. బంధువులు కానివాళ్ల దగ్గర ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటి తీసుకుంటే అది తీసుకున్నవాడి ఆదాయం కిందే లెక్క. ప్రేమ కానుక అని రాసిచ్చినా అంతే.

పైగా బోధకుడికి ప్రేమతో ఇచ్చింది అసలు గిఫ్టేనా, వృత్తి ఆదాయమా అన్న ప్రశ్న కూడా పాతదే. తిరువాన్కూరులో పి. కృష్ణమీనన్ అని ఒకాయన ఉండేవారు. పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాక వేదాంతం బోధించేవారు. ఎవరి దగ్గరా ఫీజు అడగలేదు. లెవీ అనే ఆంగ్లేయుడు శిష్యుడై, గురువుగారి ఖాతాకు లక్షల రూపాయలు పంపాడు. నేను అడగలేదు, అతను ప్రేమతో ఇచ్చాడు అన్నారు గురువుగారు. 1958లో సుప్రీంకోర్టు ఏమందంటే, బోధ కూడా ఒక వృత్తే, ఆ డబ్బు బోధ వల్ల వచ్చింది, కాబట్టి పన్ను పడుతుంది. మన పాస్టర్లు ఈ కేసు వినగానే అది వేదాంతం కదండీ అంటారు. పన్ను అధికారికి వేదాంతమైనా వాక్యమైనా ఒకటే.

కాబట్టి ఈ సభ నుంచి ఇంటికి వెళ్లి ఒకే ఒక్క పని చేస్తానంటే, ఆ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూడండి.

సంఘానికి సొంత పేరు రావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి సొసైటీ. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కమిటీ జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. రెండోది ట్రస్టు, దస్తావేజు రాసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు. పెద్ద డినామినేషన్లలో ఉన్నవాళ్లకు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కానివ్వండి, లూథరన్ కానివ్వండి, పైన ఒక సంస్థ ఉంటుంది కాబట్టి మీ ఖాతా ఎవరి పాన్ మీద ఉందో డయోసిస్ ఆఫీసులో, అంటే బిషప్‌గారి ఆఫీసులో, కనుక్కోండి. ఇండిపెండెంట్ సంఘాలకే ఇబ్బంది. ట్రస్టు పెడతారు. ఛైర్మన్ పాస్టరుగారు, కార్యదర్శి అమ్మగారు, కోశాధికారి అబ్బాయి, సభ్యుడు బావమరిది. చట్టం దీన్ని వద్దనదు. కానీ ట్రస్టు డబ్బుతో కొన్న కారు అబ్బాయి పేరు మీద ఉందనుకోండి, ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 13 అని ఒకటి ఉంది. స్థాపకుడికో, ట్రస్టీకో, వాళ్ల బంధువుకో లాభం చేరితే అక్కడ పన్ను మినహాయింపు పోతుంది, 30 శాతం పన్ను పడుతుంది.

సెక్షన్ నంబర్ల గురించి ఒక మాట. 1961 చట్టం స్థానంలో 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు, అది 2026 ఏప్రిల్ 1 నుంచి. నంబర్లు మారాయి. నా నోటికి పాత నంబర్లే వస్తాయి, ఈ వయసులో మారవు. మీ ఆడిటర్‌తో కొత్తవి సరిచూసుకోండి.

సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి మాకు పన్ను లేదు అనుకునేవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం హాలు. అది వేరు, ఇది వేరు. సంఘానికి వచ్చే స్వచ్ఛంద విరాళం చట్టం దృష్టిలో ఆదాయమే. దానికి పన్ను వద్దంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ రిజిస్ట్రేషన్ విడిగా తీసుకోవాలి. అది ఉంటే, వంద వస్తే 85 ఆ ఏడాదే సంఘ పనికి ఖర్చు చేయాలి, 15 ఉంచుకోవచ్చు. మందిరం కట్టడానికి నాలుగైదేళ్లు కూడబెట్టాలి కదా అంటారు. పలానా పనికి కూడబెడుతున్నామని ఫారం 10 వేస్తే అయిదేళ్ల దాకా వీలుంది. కనీస పరిమితి దాటిన ఆదాయం ఉంటే ఆడిట్ తప్పదు. ముప్పై గడపల పల్లె సంఘం, ఏడాదికి లక్షా లక్షన్నర వచ్చేచోట ఇదంతా భూతంలా చూడనక్కర్లేదు. అక్కడ పన్నే పడదు. కానీ పుస్తకం మాత్రం రాయండి.

ఈ మధ్య హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు ఫోన్ చేస్తున్నారు. అంకుల్, నెలకు జీతంలో పదో వంతు ఇస్తున్నాను, 80జి రసీదు ఇప్పించండి అని. అంటే, ఇచ్చినదానికి పన్నులో మినహాయింపు వచ్చే రసీదు. కుదరదమ్మా. ఒక మతం వారి కోసమో, పూర్తిగా ఆరాధన కోసమో ఉన్న సంస్థకు 80జి రాదు. ఆసుపత్రో, అనాథాశ్రమమో అందరి కోసం నడిపే వేరే ట్రస్టు ఉంటే, దానికి అనుమతి ఉంటే, ఆ ట్రస్టుకు ఇచ్చినదానికి వస్తుంది. అదీ నగదులో 2,000 దాటితే రాదు. అదీ కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. దశమభాగం కవర్ మీద 80జి ముద్ర కొట్టి ఇవ్వడం మాత్రం ఎవరూ చేయకండి. ఇచ్చినవాడికీ ప్రమాదం, మీకూ ప్రమాదం.

ఒక్క మినహాయింపు ఉంది. చారిత్రక, కళా ప్రాముఖ్యం ఉన్నదనో, రాష్ట్రమంతటా పేరున్న ఆరాధనా స్థలమనో కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఏదైనా సరే, దాని మరమ్మతులకు ఇస్తే సగానికి మినహాయింపు దొరుకుతుంది. పేరుంటే చాలదు, ప్రకటన ఉండాలి. పేరున్న చర్చి అనగానే నాకు మెదక్ కెథడ్రల్ గుర్తొస్తుంది. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు జనానికి పని చూపించి, పనికి తిండి పెట్టి కట్టించారు, 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ అయింది. ఆ కట్టడానికి ఇచ్చినవాళ్లలో కూలీ చేతులు కూడా ఉన్నాయి. వాళ్లకు రసీదు ఎవరిచ్చారో మరి. సరే, విషయానికొద్దాం.

పేరు లేని కానుక. పెట్టెలో ఎవరేశారో తెలియదు. సెక్షన్ 115బీబీసీ ప్రకారం ఇచ్చినవారి పేరు, చిరునామా లేని విరాళం మీద 30 శాతం పన్ను. వినగానే గుండె జారుతుంది. కానీ పూర్తిగా మతపరమైన సంస్థకు ఇది వర్తించదు. మీ కానుకల సంచికి భయం లేదు. తిరకాసు ఎక్కడంటే, సంఘంతోపాటు బడో ఆసుపత్రో నడిపేచోట. ఒక కవరు మీద పేరు రాయకుండా 'స్కూలు కొరకు' అని మాత్రమే రాసి 20,000 పెట్టారనుకోండి. ఆ 20,000కి పన్ను పడొచ్చు. అదే కవరు మీద ఏమీ రాయకపోతే పడదు! చట్టంలో ఇలాంటి వింతలు చాలా ఉంటాయి. బడికి వచ్చే డబ్బు తీసుకునేప్పుడు మటుకు పేరు, ఊరు అడగండి.

రెండో ప్రశ్న, ఏం చెప్పి తీసుకున్నారు. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఒక సంఘంలో సమాధుల తోట ప్రహరీకని వసూలు చేశారు. ఇంటింటికీ రసీదు ఇచ్చారు, రసీదు మీద 'ప్రహరీ నిమిత్తం' అని అచ్చేశారు. మంచిదే. డిసెంబరు వచ్చింది. స్టేజీ, సౌండు, బయటినుంచి ప్రసంగీకుడు, బిర్యానీ. ప్రహరీ డబ్బు తీసి వాడేశారు, ఈస్టర్‌కి సర్దేద్దాం అనుకున్నారు. ఈస్టర్ వచ్చింది, డబ్బు రాలేదు. వేసవిలో పశువులు పడి సమాధుల మీద శిలువలు విరిగిపోయాయి. తన తల్లి సమాధి విరిగిన ఒక కూలిమనిషి నా దగ్గరికి రసీదు పట్టుకొచ్చాడు. 500 రూపాయల రసీదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తిరిగి తిరిగి మడతల దగ్గర చిరిగిపోయింది, అయినా 'ప్రహరీ నిమిత్తం' అన్నది కనబడుతూనే ఉంది.

కమిటీవాళ్లు తీర్మానం చూపించారు. దొంగతనం ఎవరూ చేయలేదండీ, అంతా సంఘ పనికే అన్నారు. నిజమే. కానీ ఒక పని చెప్పి తీసుకున్న డబ్బు ఆ పనికే కట్టుబడి ఉంటుంది. వేరే పనికి వాడాలంటే ఇచ్చినవాళ్లను అడగాలి. పన్నెండు మంది కమిటీ గదిలో కూర్చుని మార్చుకునేది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద, సంఘంతో సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయొచ్చు. లెక్కలు చూపించమనొచ్చు, నిర్వాహకుల్ని తొలగించమనొచ్చు. ఇద్దరు చాలు. సొంతానికి వాడుకున్నారని తేలితే అది నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 316, క్రిమినల్ కేసు.

ఆ సంఘంలో కేసు దాకా పోలేదు. కమిటీలో ఆరుగురు తలా కొంత వేసుకుని గోడ కట్టించారు. ఇప్పుడు అక్కడ రెండు పుస్తకాలున్నాయి, జనరల్ ఒకటి, ప్రత్యేక నిధులు ఒకటి.

కోతల పండుగ లెక్క కూడా చాలామందికి సరిగా రాదు. మా ఊళ్లో జరిగేది చెబుతా. ఒకాయన కోడిపుంజు ఇస్తాడు. వేలం వేస్తారు. 800కి ఒకాయన పాడి, డబ్బు కట్టి, కోడిని మళ్లీ దేవునికే అంటాడు. మళ్లీ వేలం. 1,100. ఆయనా తిరిగిచ్చేస్తాడు. ఒక ఏడు ఒకే పుంజు నాలుగుసార్లు అమ్ముడుపోయింది. చివరికి దాని కళ్లలో విసుగు నేను చూశాను. మా కోశాధికారి పుస్తకంలో 'కోడి 1, రూ. 4,350' అని ఒక్క వరస రాశాడు. ఆడిట్‌కి వచ్చినాయన అడగడా, ఇదేం కోడి అని? నాలుగు పాటలు, నాలుగు వరసలు, నాలుగు పేర్లు రాయాలి. గుమ్మడికాయైనా అంతే. ఇంకోటి, లక్కీ డ్రా టికెట్లు అచ్చేసి మందిరం ఫండుకు అమ్మడం. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నేరం. ఆ అలవాటుంటే మానేయండి.

నగదు విషయంలో రెండు హద్దులు గుర్తుపెట్టుకోండి. ఒక మనిషి దగ్గర ఒక రోజులో, లేదా ఒకే సందర్భానికి, 2 లక్షలో అంతకు పైనో నగదు తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంతా జరిమానా. ఇచ్చినవాడికి కాదు, తీసుకున్న మీకు. ఖర్చు వైపు, ఒక రోజులో ఒక మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. సిమెంటు కొట్టుకైనా, మేస్త్రికైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పుస్తకాలు, రసీదు కట్టలు పదేళ్లు దాచాలి. చెదలు తిన్నాయి అనకండి, ఇనుప బీరువా కొనండి.

బలవంతం గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. సభ్యత్వ చందా బాకీ ఉంటే ఓటు లేదని చాలా సంఘాల నియమావళిలోనే ఉంది, అది సభ్యులు ఒప్పుకున్న నియమం. కానీ ఇంట్లో శవం ఉండగా రసీదు పుస్తకం పట్టుకెళ్లడం ఏ నియమావళి? చూశాను నేను.

అంతకంటే పెద్దది ఆస్తి రాయించుకోవడం. ఒంటరి ముసలామె, రోజూ ప్రార్థన చేసే పాస్టరు, ఎకరం పొలం. 1890లో అలహాబాద్ హైకోర్టులో మన్నూసింగ్ కేసు వచ్చింది. వయసు మీదపడిన ఒకాయన పరలోకంలో తన ఆత్మకు మేలు జరుగుతుందని ఉన్న ఆస్తంతా తన గురువుకు రాసిచ్చాడు. కోర్టు ఆ దస్తావేజు చెల్లదంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 16లో అనుచిత ప్రభావం అంటారు. ఒకరి మనసు మీద ఇంకొకరికి పట్టు ఉన్నచోట, ఒత్తిడి లేదని రుజువు చేసుకోవాల్సిన బరువు తీసుకున్నవాడి మీదే పడుతుంది. నా సలహా, ఆమె పిల్లలకూ అన్నదమ్ములకూ తెలిసేలా, ఆమెకు సొంత లాయరును పెట్టుకోమని చెప్పి, సంఘం పేరున మాత్రమే రాయించండి. పాస్టరు పేరున వద్దు. స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులుండాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర పనికిరాదు.

వీలునామా సంగతి కొంచెం చరిత్ర. 1925 వారసత్వ చట్టంలో సెక్షన్ 118 ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మత, ధార్మిక పనులకు ఆస్తి రాయాలంటే చనిపోవడానికి కనీసం ఏడాది ముందే వీలునామా రాసి ఉండాలి, రాసిన ఆరు నెలల్లో దాన్ని డిపాజిట్ చేసి ఉండాలి. చావు ఎప్పుడో ముందే తెలిసినట్టు! జాన్ వల్లమట్టం అనే కేరళ ఫాదర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2003లో కోర్టు ఆ సెక్షన్ సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఇప్పటికీ కొందరు డాక్యుమెంట్ రైటర్లు ఆ పాత నిబంధన చెప్పి భయపెడుతుంటారు. అది లేదు.

చివరికి విదేశీ డబ్బు. మన ఇళ్లలో డాలస్‌లో ఒకరో, న్యూజెర్సీలో ఒకరో లేనివాళ్లు తక్కువ. క్రిస్మస్‌కు ఊరొచ్చిన తమ్ముడు వెళ్తూ వెళ్తూ మందిరం రేకులకని 50,000 ఇస్తాడు. రూపాయల్లోనే ఇస్తాడు, ఇక్కడి ఏటీఎంలో తీసి. ఇందులో తప్పేముంది? అతనికి ఏ పాస్‌పోర్టు ఉందో అన్నదాన్ని బట్టి ఉంటుంది. భారత పాస్‌పోర్టే ఉండి, అక్కడ సంపాదించిన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా, తెలుగే మాట్లాడినా, మన గుడిలోనే బాప్తిస్మం తీసుకున్నా, చట్టం లెక్కలో అతను విదేశీయుడు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా అతని దగ్గర రూపాయి తీసుకోకూడదు. ఎఫ్‌సీఆర్‌ఏ అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే.

2020 సవరణ తర్వాత ఇంకా బిగించారు. ఆ డబ్బు మొదట ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘాలకు పంచడం ఇదివరకు ఉండేది, ఇప్పుడు ఎవరికీ బదిలీ చేయకూడదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 ఉండేది. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. పల్లె సంఘానికి ఇది అయ్యే పని కాదు. అందుకని కొందరు ఏం చేస్తున్నారు? తమ్ముడి చేత ఇక్కడున్న అక్క ఖాతాకు పంపించి, అక్క చేత కానుక వేయిస్తున్నారు. అక్క నిజంగా తన ఇష్టంతో తన డబ్బు వేస్తే వేరు. డబ్బు అతనిదే, దారి మాత్రమే అక్కది అయితే, అది దొంగదారే. నేను సంతకం పెట్టను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక అక్కగారు.

"అన్నా, మా స్త్రీల సమాజానికి వేరే పాస్‌బుక్ ఉంది. పచ్చళ్లు అమ్మి, ఇంటింటికీ తిరిగి మేమే పోగుచేశాం. అది కూడా సంఘ లెక్కలో చూపించాలా?"

చూపించాలమ్మా. నాకు తెలుసు, చూపిస్తే కమిటీవాళ్లు లాక్కుంటారని మీ భయం. ఆ భయం ఊరికే రాలేదు, ప్రహరీ కథ ఇప్పుడే చెప్పాను. చూపించడం వేరు, ఇచ్చేయడం వేరు. ఖాతా మీ సంతకాలతోనే ఉండనివ్వండి, సంఘ ఆడిట్‌లో ఒక పేజీ మీది ఉండాలి. యవ్వనస్థుల సంఘానికీ అంతే. ఖాతా ఒక అక్క సొంత పేరు మీద ఉంటే మాత్రం రేపే మార్చండి. ఆమెకు ఏమన్నా అయితే ఆ డబ్బు ఆమె పిల్లలది అవుతుంది, పచ్చళ్లు పెట్టిన మీది కాదు.

ఇంకొక్కటి. అయ్యగారు, మీరు.

"కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు. మీరేమో పేరు, ఊరు, పాన్ నంబరు రాయమంటున్నారు. ఇచ్చేవాడి ఆశీర్వాదం పోగొట్టమంటారా?"

మంచి ప్రశ్న. ఇది వస్తుందని ఎదురుచూస్తున్నాను. అయ్యగారూ, మీ సంఘంలో క్రిస్మస్‌కు కానుకలిచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతారా? చదువుతారు కదా. ఎవరెంతిచ్చారో కూడా. 5,000 ఇచ్చినాయన పేరు దగ్గర కాస్త గొంతు పెరుగుతుంది, 50 ఇచ్చిన ముసలమ్మ పేరు దగ్గర తగ్గుతుంది. నాన్న ఉండగా మా గుడిలో కవర్లకు నంబర్లుండేవి. 17వ నంబరు ఎవరో కోశాధికారి దగ్గరున్న రిజిస్టరులో ఉండేది, రిజిస్టరు పెట్టెలో ఉండేది, పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నాన్న మొలతాడుకు, ఇంకోటి ఆ వేలిముద్ర పెద్దాయన దగ్గర. చట్టం అడిగేది ఆ రిజిస్టరునే. మైకులో చదవమని మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు.

టీ వచ్చినట్టుంది.